మసాయి మారా గుడారంలో మా బస: అసలు కష్టం విల్సన్ ఎయిర్‌పోర్ట్‌లోనే

కెన్యా నుంచి మొన్ననే దిగాం. సామాన్లు ఇంకా హాల్లోనే ఉన్నాయి, పూర్తిగా సర్దలేదు. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. మసాయి మారాలో (కెన్యాలో సింహాలు, ఏనుగులు తిరిగే అభయారణ్యం) లగ్జరీ టెంట్లలో ఉండాలని ప్లాన్ చేసుకుంటున్న మనవాళ్ళు ఎవరైనా ఉంటే, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు, దయచేసి సామాన్ల సంగతి పూర్తిగా చదవండి.

వెళ్ళింది ముగ్గురం. నేను, మావారు, మావారి అక్క. వదిన హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. ఆఫ్రికా సింహాన్ని చూడాలని ఆవిడకి ఎప్పటినుంచో కోరిక, అందుకే ఈ ప్రయాణం.

కాగితాల పని పెద్ద కష్టం కాదు. కెన్యావాళ్ళు 2024 జనవరి నుంచి వీసా తీసేసి ఈటీఏ (ముందే ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి) పెట్టారు. ఆన్‌లైన్‌లో ఫోటో, టికెట్లు, క్యాంప్ బుకింగ్ పెట్టి డబ్బు కడితే వచ్చేసింది. దానికోసం ఏజెంట్‌కి సర్వీస్ చార్జీ ఇవ్వాల్సిన అవసరం లేదు, మీరే చేసుకోండి.

ఎల్లో ఫీవర్ టీకా మాత్రం ముందే చూసుకోండి. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు వేయించుకున్న 10 రోజుల తర్వాతే చెల్లుతుంది, ఒకసారి వేయించుకుంటే జీవితాంతం పనికొస్తుంది. అది లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్ట్‌లోనే ఆపి 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. 60 దాటాక మొదటిసారి ఈ టీకా వేయించుకునేవాళ్ళకి రిస్క్ కొంచెం ఎక్కువ. వదినని ముందు మా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి, ఆయన సరే అన్నాకే వేయించాం.

ఇక అసలు విషయానికొస్తాను.

ప్యాకేజీ ఇచ్చిన ఏజెంట్ హైదరాబాద్‌వాడే. పేరు రాయను. నేను ఫోన్లోనూ అడిగాను, వాట్సాప్‌లోనూ అడిగాను, "సామాన్లు ఎన్ని కిలోలు తీసుకెళ్ళొచ్చండీ?" అని. "మనిషికి 23 కిలోలు మేడమ్, నిశ్చింతగా సర్దుకోండి" అని జవాబిచ్చాడు. ఆ మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. ఆ లెక్క మన దేశం నుంచి నైరోబీ వెళ్ళే పెద్ద విమానానిది. నైరోబీ నుంచి మారాకి వెళ్ళే చిన్న విమానంలో మనిషికి 15 కిలోలే. అదీ చేతిసంచీ, కెమెరా అన్నీ కలిపి. పైగా చక్రాల సూట్‌కేసు పనికిరాదు, మెత్తటి గుడ్డ బ్యాగే ఉండాలి. ఇందులో ఒక్క ముక్క కూడా అతను మాకు చెప్పలేదు.

నైరోబీలో రెండు ఎయిర్‌పోర్టులు. మనం దిగేది జోమో కెన్యాట్టాలో. మారా విమానం ఎక్కేది ఊరికి దగ్గరగా ఉండే విల్సన్‌లో. మర్నాడు పొద్దున్నే మూడు గట్టి సూట్‌కేసులు తోసుకుంటూ విల్సన్‌కి చేరాం. క్యూలో మా ముందూ వెనకా అందరి చేతుల్లోనూ మడతపడే గుడ్డ బ్యాగులే. అప్పుడే నాకు మనసులో ఏదో తేడాగా అనిపించింది.

కౌంటర్‌లో కుర్రాడు మా సూట్‌కేసుల్ని తూకానికి కూడా పెట్టనివ్వలేదు. ఇవి విమానంలో పట్టవన్నాడు. పక్కకి జరిగి, మనిషికి 15 కిలోల చొప్పున తీసి వేరే సంచుల్లో సర్దుకు రమ్మన్నాడు. వేరే సంచులు ఎక్కణ్ణుంచి వస్తాయి? "అరగంటలో బోర్డింగ్" అని వెంటనే తర్వాతి వాళ్ళని పిలిచేశాడు.

ఆ హాల్లో నేల మీద, అందరి కాళ్ళ మధ్య, మూడు సూట్‌కేసులూ తెరిచాం. వదిన చీరలు, లంగాలు, మావారి బనీన్లు, మందుల డబ్బాలు, గోంగూర పచ్చడి, కందిపొడి, జంతికల డబ్బా, అన్నీ బయటపడ్డాయి. కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం కాబట్టి పచ్చళ్ళన్నీ స్టీలు డబ్బాల్లో తెచ్చాం. ఆ జాగ్రత్త నేను చదివి తెలుసుకుని తీసుకున్నది, ఏజెంట్ చెప్పింది కాదు. స్టీలు డబ్బాల బరువు ఎంతుంటుందో తెలుసుగా. ఎదురు బెంచీ మీద కూర్చున్న ఒకతను ఫోన్ ఎత్తి మమ్మల్ని వీడియో తీస్తున్నాడు. మావారు వెళ్ళి అడ్డంగా నిలబడ్డారు.

అప్పుడు ఇంకోటి జరిగింది. మనుషుల బరువు కూడా చూడాలని కౌంటర్‌లోంచి పిలిచారు. నేల మీద ఉన్న ఆ తూకం మీదే, సూట్‌కేసులు పెట్టే చోటే, వదినని ఎక్కమన్నారు. ఆవిడ చెప్పులు విప్పాలా వద్దా అని నావైపు చూశారు. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని ఎక్కారు. నా భుజం వదిలేసి నిలబడమన్నాడు ఆ కుర్రాడు. వదిలేసి నిలబడ్డారు. అతను అంకె పైకి చదివి, లోపల రాసుకునే అమ్మాయికి వినపడేట్టు ఇంకోసారి గట్టిగా చెప్పాడు. మొత్తం క్యూ విన్నది. ముప్ఫై ఏళ్ళకి పైగా బళ్ళో పిల్లలు లేచి నిలబడి నమస్కారం పెట్టిన మనిషి, ఎవరివైపూ చూడకుండా తల దించుకుని దిగారు.

నేను ఊరుకోలేదు. సూపర్‌వైజర్ని పిలిపించాను. "బరువు చూడడం మీ రూల్ అయితే చూడండి. కాగితం మీద రాసుకోండి, గట్టిగా చదవడం దేనికి?" అని నాకు వచ్చిన ఇంగ్లీషులోనే గట్టిగా అడిగాను. ఆయన ముందు ఏదో సర్దిచెప్పబోయి, తర్వాత తూకం అంకెలు జనం వైపు కాకుండా కౌంటర్ వైపు తిప్పించాడు. మా తర్వాత వాళ్ళెవరి బరువూ పైకి చదవలేదు. ఆ పని నేను చేయించాను, దానికి నాకు గర్వంగానే ఉంది.

సంచుల సమస్య తీర్చింది మా వెనక ఉన్న ఒక గుజరాతీ పెద్దావిడ. తరాలుగా నైరోబీలోనే ఉంటున్న కుటుంబమట. మాతో హిందీలో మాట్లాడి, తన బ్యాగులోంచి మడతపెట్టిన రెండు పెద్ద గుడ్డ సంచులు తీసిచ్చారు. సూట్‌కేసుల్ని ఆ విమాన కంపెనీవాళ్ళ దగ్గరే వదిలేసి, తిరిగొచ్చేటప్పుడు తీసుకోవచ్చని కూడా ఆవిడే చెప్పారు. కౌంటర్‌లో ఉన్నవాళ్ళకి ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. పచ్చళ్ళు సూట్‌కేసుల్లోనే ఉండిపోయాయి. గోంగూర ఒక్కటి మాత్రం వదిన వదల్లేదు, చేతిసంచీలో పెట్టుకున్నారు.

ఆ బరువుల రూల్ మీద నాకు కోపం లేదు, అది అందరూ తెలుసుకోవాలి. ఎక్కే ముందు పైలట్ అమ్మాయి ఓపిగ్గా వివరించింది. అది ఒకే ఇంజిన్ ఉన్న సెస్నా క్యారవాన్, పన్నెండు మందో పదముగ్గురో పడతారు. సామాన్లు విమానం పొట్ట కింద చిన్న అరలో పెడతారు, గట్టి పెట్టెలు అందులోకి దూరవు. విల్సన్ సముద్రమట్టానికి 5,500 అడుగుల పైన ఉంది, మారాలో దిగే మట్టి రన్‌వేలు (స్ట్రిప్‌లు అంటారు) కూడా ఎత్తులోనే. అంత ఎత్తున గాలి పల్చగా ఉంటుంది కాబట్టి విమానం లేవడానికి ఎక్కువ దూరం పరిగెత్తాలి. అందుకే ప్రతి కిలో లెక్కే, ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నదీ లెక్కే. ఈ నాలుగు మాటలు ఏజెంట్ ముందే చెప్పి ఉంటే వదినకి ఆ అవమానం జరిగేది కాదు.

విమానం పల్లెవెలుగు బస్సులాగా స్ట్రిప్ స్ట్రిప్‌కీ దిగుతూ, మనుషుల్ని దించుతూ ఎక్కించుకుంటూ వెళ్ళింది. మేం నబోయిషో కన్జర్వెన్సీలో దిగాం.

ఇక్కడొక మాట చెప్పాలి. మసాయి మారా నేషనల్ రిజర్వ్ వేరు, దాని చుట్టూ ఉన్న కన్జర్వెన్సీలు వేరు. కన్జర్వెన్సీ భూమి అక్కడ పశువులు కాసుకునే మసాయి తెగ కుటుంబాలదే. నబోయిషోలో ఐదు వందలకి పైగా కుటుంబాలు కలిసి 2010లో తమ భూముల్ని క్యాంపులకి లీజుకిచ్చాయి. నెలనెలా వాళ్ళకి అద్దె వస్తుంది, భూమి ముక్కలై కంచెలు పడకుండా జంతువులకి మిగులుతుంది. టెంట్ల సంఖ్యకి హద్దు ఉంది కాబట్టి జీపుల గుంపు ఉండదు. రాత్రిపూట డ్రైవ్, గైడ్‌తో నడక ఇక్కడ ఉంటాయి, రిజర్వ్‌లో ఉండవు. డబ్బు కాస్త ఎక్కువైనా కన్జర్వెన్సీలోనే ఉండండి. ఆ డబ్బు భూమి గలవాళ్ళకి చేరుతుంది.

గుడారం గురించి మా చుట్టాలందరూ అడుగుతున్నారు. చెక్క అరుగు మీద పెద్ద కాన్వాస్ గది. లోపల పందిరి మంచం, రాసుకునే బల్ల, వెనక వెస్టర్న్ టాయిలెట్. తలుపు లేదు, జిప్పే. స్నానానికి నీళ్ళు కావాలంటే చెప్పాలి. వేడినీళ్ళు తెచ్చి బయట పైన వేలాడే సంచీలో పోస్తారు, గొలుసు లాగితే షవర్ వస్తుంది. ముందు ఒళ్ళు తడుపుకుని, ఆపి, సబ్బు రాసుకుని మళ్ళీ గొలుసు లాగాలి. కరెంటు సోలార్‌ది, హెయిర్ డ్రయ్యర్ పెట్టనివ్వరు. బట్టలు రోజూ ఉతికిస్తారు, బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో ఇస్త్రీ చేసి మరీ ఇస్తారు. కాబట్టి 15 కిలోలు నిజానికి చాలా ఎక్కువే. లోదుస్తులు మాత్రం మనమే ఉతుక్కోవాలి, దానికి సబ్బుపొడి పెడతారు. ఆగస్టులో తెల్లవారుజామున చలి బాగా ఉంటుంది, స్వెట్టర్లు మర్చిపోకండి. దుప్పటి కిందకి వేడినీళ్ళ సంచీ పెట్టి వెళ్ళేవాళ్ళు. వదిన కాళ్ళ నొప్పులకి అది ఎంత హాయిగా ఉందో.

క్యాంపుకి కంచె లేదు. చీకటి పడ్డాక మసాయి కాపలా మనిషి బల్లెం పట్టుకుని వస్తేనే టెంట్ నుంచి కదలాలి. ఒకరోజు మధ్యాహ్నం వదిన, నేను లోపల ఉండగా బయట గడ్డి పటపటా తెగుతున్న చప్పుడు వినిపించింది. వల జాలీలోంచి చూస్తే ఏనుగు. తొండంతో గడ్డి దుబ్బు చుట్టి పట్టుకుని, ముందు కాలి గోళ్ళతో వేళ్ళ దగ్గర తన్ని, లాగి, మట్టి రాలేట్టు విదిలించి నోట్లో పెట్టుకుంటోంది. దాని కనురెప్పల వెంట్రుకలు కూడా కనిపించాయి. వదిన నా చెయ్యి పట్టుకుని, "అమ్మాయ్, ఊపిరి కూడా గట్టిగా తీయకు" అన్నారు. విల్సన్‌లో జరిగిందాని తర్వాత ఆవిడ ముఖంలో నవ్వు చూసింది అప్పుడే. సింహాలు మర్నాడే కనపడ్డాయి, మొత్తం కుటుంబం, పిల్లలతో సహా.

శాకాహారానికి భయపడకండి, ముందుగా రాస్తే చాలు. చపాతీ, పప్పు, కూరలు చక్కగా చేశారు. వంటతనికి వదిన గోంగూర రుచి చూపిస్తే ఇంకాస్త అడిగి వేయించుకున్నాడు.

నదిని దాటే వైల్డ్‌బీస్ట్‌లని (గుంపులుగా తిరిగే, దున్నల్లా ఉండే ఆఫ్రికా జంతువులు) చూడడానికి ఒకరోజు రిజర్వ్‌లోకి వెళ్ళాం. అక్కడ ఏజెంట్ చేసిన రెండో ఘనకార్యం బయటపడింది. "అన్నీ కలిపే" అన్నవాడు రిజర్వ్ టికెట్ కలపలేదు. జులై నుంచి డిసెంబర్ దాకా విదేశీ పెద్దవాళ్ళకి రోజుకి 200 డాలర్లు, మిగతా ఆరు నెలలు 100. ముగ్గురికీ 600 డాలర్లు అక్కడికక్కడ కట్టాం. పార్క్ ఫీజు ఏయే రోజులకి కలిపారో తేదీలతో సహా రాయించుకోండి, నోటి మాట నమ్మకండి.

మారా నది ఒడ్డున చూసింది మాత్రం బాధగా ఉంది. వైల్డ్‌బీస్ట్‌లు నదిలోకి దిగబోతుంటే జీపులు వాటి దారికి అడ్డంగా తోసుకొచ్చాయి. కొందరు దిగి ఒడ్డు దాకా నడిచారు. "ఇంకా ముందుకి పోనీ" అని డ్రైవర్ మీద అరుస్తున్నవాళ్ళలో మన దేశంవాళ్ళ గొంతులూ వినపడ్డాయి. మంద బెదిరి వెనక్కి తిరిగిపోయింది. అంత దూరం నడిచొచ్చిన జంతువుల దారి మన ఫోటో కోసం మూసేయడం తప్పు. మా గైడ్ దూరంగా ఆపి, "ఇక్కడే ఉందాం" అన్నాడు. చివర్లో అతనికి టిప్పు కాస్త ఎక్కువే ఇచ్చాం.

ఏజెంట్‌కి వచ్చిన రోజే మెయిల్ పెట్టాను, 23 కిలోల మెసేజ్ స్క్రీన్‌షాట్‌తో సహా. 600 డాలర్లు అడిగాను, వదినకి క్షమాపణ కూడా అడిగాను. "చూస్తాం మేడమ్" అని ఒక్క లైను వచ్చింది. వదలను. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి మావారు కాగితాలు సిద్ధం చేస్తున్నారు.

తిరిగి దిగినప్పుడు పసుపు కార్డులు నిజంగానే చూశారు. పాస్‌పోర్ట్ పక్కన పెట్టి పేరు, నంబర్ పోల్చి పంపించారు. టీకా కేంద్రంలో కార్డు చేతికిచ్చినప్పుడే పాస్‌పోర్ట్ నంబర్ సరిగ్గా రాశారో లేదో చూసుకుని బయటికి రండి.