స్కేటు బూటు: వేలు తగలాలి, మడమ లేవకూడదు

‘వచ్చే ఏడాదికీ పనికొస్తుంది’ అని పిల్లలకు ఒక సైజు పెద్దది కొనే అలవాటు చెప్పుల దాకా సరే, ఐస్ హాకీ స్కేట్లకు వద్దు. మామూలు బూటు కన్నా 1 నుంచి 1.5 సైజు తక్కువలో వెతకండి. పల్చటి సాక్సు వేసి, మడమను వెనక్కి తన్ని, లేసులు బిగించి నిలబడితే బొటనవేలు ముందు అంచుకు తగిలీ తగలనట్టుండాలి. మోకాళ్లు వంచగానే కాస్త వెనక్కి జరగాలి. మడమ లేస్తోందా? ఆ జత పక్కన పెట్టేయండి. లేసు ఎంత బిగించినా ఆ ఖాళీ పూడదు, బొబ్బలే మిగులుతాయి.

బూటు పాదానికి అతికినట్టు అమరేందుకు షాపులో ఓవెన్‌లో వేడిచేయిస్తే, తొడుక్కుని లేసులు పక్కలకు లాగండి. పైకి లాగితే మెత్తబడ్డ బూటు నుంచి లేసు దూర్చే రింగులు ఊడొస్తాయి. తర్వాత 10–15 నిమిషాలు కదలకుండా కూర్చోవాలి.

షిన్ గార్డు (మోకాలినీ ముంగాలినీ కాపాడే తొడుగు) పైభాగంలోని గిన్నెలాంటి కప్పు మధ్యలో మోకాలిచిప్ప కూర్చోవాలి. హెల్మెట్ అంచు కనుబొమలకు ఒక వేలెడు పైన. అన్నట్టు, కొత్త బ్లేడుకు చాలాసార్లు పదునుండదు. పట్టించాకే ఐస్ మీదికి.