చీనీతోట బండికి బ్రేకు గాలి తీసిన అనుభవం

నార్పల దగ్గరి మా చీనీతోటలో డ్రిప్పు పైపులు చూసుకోవడానికీ, ఎరువు బస్తాలు లాగడానికీ ఒక పాత ఏటీవీని వాడుతున్నాను. బైకు హ్యాండిలు, నాలుగు లావు టైర్లు ఉండే బండి అది. పోయిన వేసవిలో ముందు చక్రాల క్యాలిపర్లు (ఆయిలు ఒత్తిడికి లోపలి పిస్టను కదిలి, బ్రేకు ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగాలు) రెండూ బ్రేకు ఆయిలు కారుతుంటే, వాటిని విప్పి కొత్త సీళ్లు వేసి నేనే తిరిగి బిగించాను. ఆ తర్వాత బ్రేకు లివరు నొక్కితే ఏ పట్టూ లేకుండా హ్యాండిలుకు ఆనుకునేది. ఆయిలును ఎంత నొక్కినా నలగదు, గాలి నలుగుతుంది. లైనులో బుడగ ఉంటే మన చేతి బలం దాన్ని నొక్కడానికే సరిపోయి, పిస్టను కదలదు.

హ్యాండిలు మీదుండే బ్రేకు ఆయిలు డబ్బా మూత మీద ఆయిలు రకం డాట్ 4 అని ఉన్నందున అదే కొన్నాను. ఇంట్లో సగం వాడిన సీసా ఒకటి ఉన్నా దాన్ని ముట్టలేదు. ఈ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడని ఆయిలుకు, తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలే.

మెడికల్ షాపులో కొన్న సెలైన్ పైపును క్యాలిపరు మీది నిపులుకు (వదులు చేస్తే లోపలి గాలీ ఆయిలూ బయటికి వచ్చే చిన్న మరకు) తొడిగి, రెండో కొనను ఆయిలు పోసిన సీసాలో ముంచాను. మా అక్క కొడుకు లివరు నొక్కి పట్టుకుంటే, నేను 8 నంబరు స్పానరుతో నిపులును పావు చుట్టు వదులు చేసి, ఆయిలు రాగానే బిగించి, ఆ తర్వాతే "వదులు" అనేవాణ్ణి. బిగించకముందే లివరు వదిలితే అది గాలిని వెనక్కి లాక్కుంటుంది. పైన డబ్బాలో ఆయిలు అడుగంటకుండా పోస్తూ గంటన్నర ఇలాగే చేశాం. పైపులో ఒక్క బుడగ కూడా కనిపించడం లేదు, అయినా లివరు మెత్తగానే ఉంది. ఈ హడావుడిలో ముందు క్యారియరు కమ్మీ మీద పడిన ఆయిలును వెంటనే నీళ్లతో కడగకపోవడంతో అక్కడ రంగు పొక్కులు లేచింది.

చివరికి కిటుకు పట్టింది పిల్లవాడే. "మామా, గాలి పైకి కదా పోతాది? ఈ నిపులు కిందికుందేంది?" అన్నాడు.

వంగి చూశాను. కుడివైపు క్యాలిపరును ఎడమకు, ఎడమవైపుదాన్ని కుడికి బిగించాను. బోల్టులు చక్కగా పట్టడం వల్ల అనుమానం రాలేదు. హోసు కాస్త మెలిక పడిందని అప్పుడే గమనించినా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. నిపులు అడుగున ఉండటం వల్ల ఆయిలు మాత్రమే బయటికి వస్తూ, గాలి క్యాలిపరు పైభాగంలో కదలకుండా ఉండిపోయింది.

మర్నాడు రెండింటినీ విప్పి, హోసు కీళ్ల దగ్గర కొత్త రాగి వాషర్లు వేసి సరైన వైపులకు మార్చాను. ఈసారి నిపులు వదలగానే పైపులోంచి బుడగలు దగ్గినట్టు తెరలు తెరలుగా వచ్చాయి. ఒక్కో వైపు పదిసార్లలోపే తేట ఆయిలు వచ్చింది. మిగిలిన సన్నని బుడగల కోసం, టైరు ట్యూబు పీలికతో లివరును హ్యాండిలుకు లాగి కట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున విప్పగానే డబ్బాలో రెండు మూడు బుడగలు పైకి తేలాయి.

చెట్ల సాళ్ల మధ్య నెమ్మదిగా నడిపి బ్రేకు పట్టాను. లివరు సగంలోనే గట్టిగా ఆగింది. ఎర్రమట్టిలో రెండు ముందు చక్రాల గీతలూ ఒకే పొడవున పడ్డాయి.