స్ప్లెండర్ ప్లగ్గు బిగింపు: నా అనుభవం

ఆయిల్ మార్చడం, ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయడం, చైను సరిచేయడం... ఇవన్నీ పొద్దున్నే అయిపోయాయి. మిగతా పనంతా స్పార్క్ ప్లగ్గు దగ్గరే ఆగిపోయింది. ఇంతకుముందు సర్వీసు చేసిన షాపువాళ్లు దాన్ని ఎంత బిగించారంటే, విప్పుతుంటే హెడ్డులోని (సిలిండర్‌ని మూసే అల్యూమినియం మూత) మరలు కూడా దాంతోపాటే ఊడొచ్చాయి. బయటికి తీసి చూస్తే ప్లగ్గు మరల సందుల్లో తెల్లగా మెరుస్తూ అల్యూమినియం పోగు చుట్టుకుని ఉంది. ఒళ్లు మండిపోయింది.

విప్పడంలో తొందర పడలేదు. ఇంజన్ పూర్తిగా చల్లారాకే పానా పెట్టాను, ఎందుకంటే వేడి మీద అల్యూమినియం మరలు తేలిగ్గా చిరిగిపోతాయి. స్ప్లెండర్ సిలిండర్ ముందుకి పడుకుని ఉంటుంది కాబట్టి ముందు చక్రం బురదంతా ప్లగ్గు చుట్టూ చేరుతుంది. దాన్ని బ్రష్‌తో, గాలితో పోగొట్టాకే విప్పాలి, లేకపోతే ఆ ఇసుక నేరుగా సిలిండర్లోకి పోతుంది. కాస్త కదిలాక బిగుసుకుపోతే తుప్పు వదిలించే ఆయిల్ పోసి నాననిచ్చి, పావు చుట్టు వెనక్కీ ముందుకీ ఆడిస్తూ తీయాలి. అంతా అలాగే చేసినా మరలు దక్కలేదు. బిగించినప్పుడే అవి సాగిపోయి ఉన్నాయి.

చేసేది లేక హెడ్డు దించాల్సి వచ్చింది. లేతు షాపులో ముందు ఇత్తడి బుష్ వేస్తామన్నారు, నేను ఒప్పుకోలేదు. రేపు ప్లగ్గుతో పాటు ఆ బుష్ కూడా తిరిగి బయటికి వస్తే మళ్లీ మొదటికొస్తుంది. 10 మి.మీ. వ్యాసం, 1 మి.మీ. పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం) ఉన్న, మరలా చుట్టిన స్టీలు కాయిల్ వేయించుకున్నాను. హెడ్డు దించకుండానే మర కోసే ట్యాప్ వేసేస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. ట్యాపుకి గ్రీజు రాసినా రజను కొంతైనా లోపల పడుతుంది. వాల్వు సీటు మీదో పిస్టన్ రింగుల్లోనో ఒక్క ముక్క చిక్కినా ఇంజన్ పాడవుతుంది. ప్లగ్గు గట్టిగా బిగించిన పాపానికి కొత్త హెడ్ గాస్కెట్టు, వాల్వుల టైమింగ్ మళ్లీ కలపడం, లేతు కూలి అన్నీ మీద పడ్డాయి.

ఇక బిగింపు. చాలా షాపుల్లో చేత్తో మొదలుపెట్టరు, మొదటి చుట్టు నుంచే పానా వేస్తారు. ప్లగ్గు అడ్డంగా ఎక్కినా పానా బలానికి ఆ సంగతి తెలియదు. ప్లగ్గు తలకి చిన్న రబ్బరు గొట్టం తొడిగి, మొదట వెనక్కి అరచుట్టు తిప్పాలి. మర మొదలు దగ్గర చిన్నగా 'టిక్'మని దిగినట్టు తెలుస్తుంది. అక్కణ్నుంచి ముందుకి తిప్పితే రెండు వేళ్లతోనే చివరిదాకా పోవాలి. అడ్డంగా ఎక్కితే గొట్టం ప్లగ్గు మీద జారిపోతుంది, మర చెడదు. మధ్యలో బిగుసుకుంటే విప్పి మరలు తుడవడమే, పానాతో నెట్టడం కాదు.

వాచరు హెడ్డుని తాకాక అసలు పని మొదలవుతుంది. కొత్త ప్లగ్గు వాచరు గట్టి బిళ్ల కాదు, మడతపెట్టిన బోలు రింగు. అది నలిగినప్పుడే గాలి బయటికి పోకుండా మూసుకుంటుంది, ప్లగ్గు వేడి హెడ్డులోకి దిగుతుంది. అందుకే స్ప్లెండర్‌కి వాడే 10 మి.మీ. కొత్త ప్లగ్గుకి చేతి బిగింపు తర్వాత అరచుట్టు పానా వేయాలి. ఆ అరచుట్టులో మొదట మెత్తగా నలుగుతున్నట్టు ఉండి, చివర్లో ఒక్కసారిగా గట్టిపడుతుంది. అక్కడ ఆపేయాలి. 12, 14 మి.మీ. ప్లగ్గులకైతే అరచుట్టు నుంచి మూడింట రెండొంతుల చుట్టు దాకా. పాత ప్లగ్గే మళ్లీ వేస్తుంటే వాచరు ఎప్పుడో నలిగిపోయింది కాబట్టి 30 డిగ్రీలు, అంటే గడియారంలో ఒక అంకె నుంచి పక్క అంకెకి ఉన్నంత దూరం చాలు. పాతదానికి కూడా అరచుట్టు వేయడం వల్లే సగం హెడ్డులు లేతు షాపులకి చేరుతున్నాయి. పానా మీద పెయింటుతో ఒక గీత పెట్టుకుంటే ఎంత తిరిగిందో కంటికి కనిపిస్తుంది.

బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచి ఉంటే, ప్లగ్గుల కంపెనీ ఎన్‌జీకే చెప్పే లెక్క ఇది: అల్యూమినియం హెడ్డుకి 10 మి.మీ. ప్లగ్గయితే 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు, 12 మి.మీ.కి 15 నుంచి 20, 14 మి.మీ.కి 25 నుంచి 30. బండి మాన్యువల్లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించాలి. కార్ల చక్రాలకి వాడే పెద్ద రెంచి ఇక్కడ పనికిరాదు, 5 నుంచి 25 దాకా చూపే చిన్నది కావాలి. 'క్లిక్' అన్నాక మళ్లీ ఇంకోసారి లాగకూడదు.

12 న్యూటన్ మీటర్లంటే చేతికి ఎంతో లెక్క చూడండి. 20 సెం.మీ. పిడి చివర పట్టుకుంటే సుమారు 6 కిలోల బలం. అదే పిడి మీద 20 కిలోల బలం వేస్తే దాదాపు 40 న్యూటన్ మీటర్లవుతుంది. షాపులో రెండు చేతులతో వేలాడి బిగించేది అంతకంటే ఎక్కువే. 10 మి.మీ. ప్లగ్గు ఒళ్లు సన్నం కాబట్టి ఆ బలానికి సాగిపోతుంది, లోపలి పింగాణీ వదులవుతుంది. పానా ప్లగ్గు 16 మి.మీ. ఆరు పలకల భాగం మీద నిటారుగా కూర్చోకపోతే పింగాణీ చిట్లుతుంది కూడా. సన్నటి పగులు కంటికి ఆనదు, బండి మాత్రం మిస్ కొడుతూనే ఉంటుంది.

మరలకి గ్రీజు గానీ రాగి పేస్టు గానీ రాయొద్దు. తయారీలోనే ప్లగ్గు మరలకి పూత వేసి ఉంటుంది. పైన జిడ్డు రాస్తే రాపిడి తగ్గి, రెంచి 12 దగ్గరే 'క్లిక్' అన్నా మర మీద పడే లాగుడు చాలా ఎక్కువవుతుంది. ఇంకో మాట, లీకవుతోందని రెండు వాచర్లు వేసేవాళ్లున్నారు. ప్లగ్గు పైకి లేచి, కింద ఖాళీగా మిగిలిన హెడ్డు మరల్లో మసి పేరుకుంటుంది. తర్వాత సరైన ప్లగ్గు వేస్తే అక్కడే ఇరుక్కుంటుంది.

ఈ భయాలతో వదులుగా వదిలేయడమూ తప్పే. వేడి హెడ్డులోకి పోక ఎలక్ట్రోడ్లు మండిపోతాయి, ఇంజన్లో పెట్రోలు స్పార్కు రాకముందే అంటుకుంటుంది, మరీ వదులైతే ప్లగ్గు అదురుకి ఊడి పడుతుంది. అందుకే బిగించాక ప్లగ్గు మొదట్లో సబ్బు నీళ్లు వేసి కిక్ కొట్టి చూశాను, ఒక్క బుడగా రాలేదు. బండి కాసేపు తిప్పి తెచ్చి, చల్లారాక వాచరు చుట్టూ చూశాను. లీకుంటే అక్కడ నల్లటి మసి చార కనిపిస్తుంది, ఏమీ లేదు. క్యాప్ తొడిగి మూసేశాను.