నాన్నతో ఫోన్లో

మా నాన్నకి ఫోన్ చేస్తే "తిన్నావా? సరే, ఇదిగో అమ్మకిస్తున్నా" అంతే. ఇంటర్లో హాస్టల్లో పడేసినప్పటి నుంచీ ఇదే తంతు.

దీని గురించే కౌన్సెలింగ్‌కి వెళ్తానంటే, ఆయన్ని కూడా లాక్కెళ్లాలేమో అని ఇంట్లో కంగారు. అక్కర్లేదు. కుటుంబంలో ఒక్కరు తీరు మార్చుకున్నా మిగతావాళ్లలో కదలిక వస్తుందని అమెరికన్ సైకియాట్రిస్ట్ మర్రే బోవెన్ ఎప్పుడో చెప్పాడు.

ఒకరోజు కౌన్సెలర్ నా ఎదురుగా ఖాళీ కుర్చీ వేసి, నాన్న అందులో ఉన్నారనుకుని మాట్లాడమన్నారు. గెస్టాల్ట్ థెరపీలో (మనసులో ఉన్నదాన్ని ఇప్పుడే, ఇక్కడే అనుభవించి చూసుకునే చికిత్స) పాత పద్ధతే. నవ్వొచ్చింది. తర్వాత నన్నే ఆ కుర్చీలో కూర్చోబెట్టి, నాన్నలా జవాబు చెప్పమన్నారు. "ఎకరం అమ్మి ఫీజు కట్టాను రా" అని నా నోటి నుంచే వచ్చింది. ఆ తర్వాత గొంతు పెగల్లేదు.

క్షమించెయ్యమని మాత్రం ఎవరూ అనలేదు. అది నాకు నచ్చింది. (హింసించే తల్లిదండ్రుల సంగతి వేరు, అక్కడ దూరమే మేలు.)

ఇప్పుడు "అమ్మకి తర్వాత ఇద్దువుగాని, ముందు పత్తి ఎలా ఉందో చెప్పు నాన్నా" అంటున్నా. మొన్న గులాబీ రంగు పురుగుని చాలాసేపు తిట్టారు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్లకి: టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్), 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.