ఎస్.కోటలో ఎక్కి పాడేరులో దిగి: సైకిల్ మీద అరకు చుట్టు

విశాఖపట్నం నుంచి అరకుకి సైకిల్ మీద వెళ్లేవాళ్లు చాలామంది వెళ్లిన దారినే వెనక్కి వచ్చేస్తారు. నా దృష్టిలో అది సగం ప్రయాణమే. శృంగవరపుకోట (ఎస్.కోట) వైపు ఎక్కి, అరకు నుంచి డుంబ్రిగుడ, హుకుంపేట మీదుగా పాడేరు చేరి, అక్కడి ఘాట్ దిగి చోడవరం, సబ్బవరం మీదుగా విశాఖలో కలిసే చుట్టు ఉంది. అంతా కలిపి 270 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. అరకులో ఒక రాత్రి, పాడేరులో ఒక రాత్రి ఆగితే హడావుడి ఉండదు. మేం నవంబరు చివర్లో వెళ్లాం. వానలు తగ్గి, రోడ్లు ఆరి, కొండవాలున వలిసె (నూనెగింజ పంట) చేలు పసుపు పచ్చగా పూసే కాలం అది. శని, ఆదివారాలు మాత్రం వద్దు. పర్యాటకుల కార్లు వంపుల్లో సైకిల్‌కి చోటివ్వవు.

పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోట దాకా యాభై అయిదు కిలోమీటర్లు. చెప్పుకోదగ్గ ఎత్తేమీ లేదు, లారీలు మాత్రం ఎక్కువ. తెల్లవారక ముందే, ముందూ వెనకా లైట్లు వేసుకుని బయల్దేరి ఈ ముక్క ముగించేయాలి. ఎస్.కోటలో కడుపు నిండా టిఫిన్ తిని, రెండు బాటిళ్లూ నింపుకోవాలి. సముద్రం వైపు తిరిగిన కొండవాలు కాబట్టి ఎండ పొద్దున్నే వీపు మీద పడుతుంది. ఎక్కుతున్నప్పుడు వేగం లేక ఒంటికి గాలి తగలదు, అందుకని చెమట ఆరదు. గంటకు అర లీటరు తాగుతున్నా తక్కువే అవుతుంది, ఒక బాటిల్లో ఉప్పూ పంచదారా కలిపి పెట్టుకోవడం మంచిది.

బొడ్డవర దాటాక అసలు పని మొదలవుతుంది. గాలికొండ దాకా ముప్పై కిలోమీటర్లకు పైగా దాదాపు అంతా ఎక్కుడే. వాలు భయపెట్టేంత కాదు కానీ వదిలిపెట్టదు. కాళ్ల సంగతి ఇక్కడ గేర్లే తేలుస్తాయి. ముందు పెడల్ దగ్గరి పళ్ల చక్రం (చైన్‌రింగ్) 34 పళ్లది, వెనక పళ్ల చక్రాల గుత్తిలో (క్యాసెట్) పెద్దది 34 పళ్లది ఉంటే నిమిషానికి 60 తొక్కులతో గంటకు ఏడున్నర కిలోమీటర్ల వేగం వస్తుంది. వెనక 28 వరకే ఉంటే అదే వేగానికి తొక్కులు 50కి పడిపోతాయి. అంటే ప్రతి తొక్కుకీ మోకాలి మీద అంత భారం పెరిగినట్టే. మొదటి గంటలో తేడా తెలియదు, మూడో గంటలో మోకాలి చిప్ప చుట్టూ నొప్పి లేస్తుంది. బ్యాగులతో వెళ్లేవాళ్లు క్యాసెట్ మార్చుకునే బయల్దేరాలి. హెయిర్‌పిన్ మలుపుల్లో లోపలి అంచు బాగా నిటారుగా ఉంటుంది. వెనక బండి లేదని చూసుకుని మన లేన్‌లోనే కాస్త వెడల్పుగా తిరిగితే ఊపు పోదు.

టైడా దాటాక లోయకి అవతల కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం కనిపిస్తూ మాయమవుతూ ఉంటుంది. బైలదిల్లా ఇనుప ఖనిజం మోసే గూడ్సు సొరంగంలోకి దూరుతుంటే ఆ చప్పుడు ఇవతలి కొండకి వినిపిస్తుంది. డముకు దగ్గర లోయ చూడటానికి ఆగొచ్చు. బొర్రా గుహలకి తిరిగే రోడ్డు కిందికి దిగుతుంది, చూసొచ్చాక ఆ ఎత్తంతా మళ్లీ ఎక్కాలి. అదే రోజు అరకు చేరాలనుకుంటే బొర్రాని ఇంకోసారికి పెట్టుకోండి.

అనంతగిరి దగ్గర్నుంచి చల్లబడుతుంది. రోడ్డుకి రెండు పక్కలా సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మొదళ్ల నుంచి పైకి పాకిన మిరియపు తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. ఆ రోజుల్లో కాఫీ పళ్లు పండుతూ ఉంటాయి. ఒకే కొమ్మ కణుపులో పచ్చకాయ, నారింజ రంగు తిరిగింది, ముదురెరుపు పండు మూడూ కలిసే కనిపిస్తాయి. ఎర్రవి మాత్రమే ఏరాలి కాబట్టి ఒకే మొక్క దగ్గరికి మళ్లీ మళ్లీ రావాల్సిందే. గాలికొండ దాటితే సుంకరిమెట్ట మీదుగా అరకు దాకా ఎక్కువగా దిగుడే. చెమటకి తడిసిన జెర్సీతో ఆ చలిగాలిలో దిగితే వణుకు పుట్టి బ్రేకు మీద వేళ్లు పట్టు తప్పుతాయి. పైనే ఆగి విండ్ జాకెట్ వేసుకోవాలి.

అరకు నుంచి పాడేరు నలభై అయిదు కిలోమీటర్లు. ఈ చుట్టులో నాకు బాగా నచ్చింది ఈ ముక్కే. చిన్న చిన్న ఎక్కుడు దిగుళ్లు, చేల మధ్య ఊళ్లు, దారిలో చాపరాయి దగ్గర రాతి పలకల మీద జారే వాగు. పొద్దున మంచు కమ్మితే పది గజాల అవతల ఏముందో కనపడదు, అది తేలేదాకా బయల్దేరకపోవడమే క్షేమం. కోతల కాలంలో చోడి (రాగి) కంకులు, ఉలవ కట్టెలు బండ్లు తొక్కి నూరుస్తాయని రోడ్డు మీద పరుస్తారు. ఆ కాడ ఒక్కటి చైనుతో పాటు వెనక డిరైలర్‌లోకి (గేరు మార్చే భాగం) చుట్టుకుంటే, తొక్కు ఆపకపోతే చాలు, దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ వంగుతుంది లేదా విరుగుతుంది. వంగిన హ్యాంగర్‌తో వెనక అన్నిటికంటే పెద్ద పళ్ల చక్రంలోకి వేస్తే డిరైలర్ స్పోకుల్లో పడుతుంది. పరిచిన చోట దిగి నడిపించండి. మీ ఫ్రేముకి సరిపోయే హ్యాంగర్ ఒకటి, తెగిన చైను కలిపే క్విక్ లింకు ఒకటి సంచిలో ఉండాలి. అవి దార్లో ఎక్కడా దొరికే వస్తువులు కావు.

పాడేరు నుంచి మినుములూరు వైపు కొంచెం ఎక్కాక ఘాట్ కిందికి దిగుతుంది. మైదానానికి చేరేసరికి దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తు పోతుంది. మనిషి, సైకిల్, సామాను కలిపి ఎనభై కిలోలనుకుంటే ఏడు వందల కిలోజౌళ్ల శక్తి ఎక్కడికో పోవాలి. వేగంగా వెళ్తే అందులో ఎక్కువ భాగం ఎదురుగాలి తీసుకుంటుంది. భయంతో బ్రేకులు నొక్కిపట్టి మెల్లగా దిగితే గాలి తీసుకునేది తక్కువ, మిగిలిందంతా బ్రేకుల్లోనే వేడిగా మారుతుంది. చక్రం అంచుని (రిము) పట్టే రిమ్ బ్రేకులైతే రిము కాలి ట్యూబులో ఒత్తిడి పెరుగుతుంది, పాత ప్యాచీ ఊడుతుంది, ఒక్కోసారి ట్యూబే పేలుతుంది. డిస్కులైతే ప్యాడు పైపొర గాజులా నున్నబడి పట్టు తగ్గుతుంది. అందుకని నేరుగా ఉన్న చోట వదిలేసి, మలుపుకి ముందు రెండు బ్రేకులూ గట్టిగా నొక్కి వేగం తగ్గించి, మలుపులో మళ్లీ వదిలేయాలి. ప్యాడు మందం బయల్దేరే ముందే చూసుకోవాలి. డిస్కు ప్యాడైతే వెనక రేకు మీద ఒక మిల్లీమీటరు కూడా మిగలకపోతే కొత్తవి వేయాల్సిందే. ఆర్టీసీ బస్సు మలుపులో హారన్ కొడితే అది మొత్తం వెడల్పూ వాడుకుంటుందని అర్థం, ఎడమ అంచుకి తప్పుకుని ఆగిపోండి.

ఇక టైర్లలో గాలి ఒత్తిడి. 28 మిల్లీమీటర్ల టైరుకి 70 కిలోల మనిషైతే వెనక 75, ముందు 70 పీఎస్ఐ సరిపోతుంది. 32 టైరుంటే ఇంకా మేలు, 55-60 చాలు. రోడ్డు వెడల్పు పనులు జరిగిన చోట మిగిలిపోయిన కంకర మీద గట్టి గాలి పట్టిన సన్న టైరు ఎగురుతుంది.

చోడవరం వైపు చలికాలమంతా చెరకు బళ్ల సందడి. లోడు రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి వాటి పక్కన ఇరుక్కుని వెళ్లొద్దు, వెనకే ఉండి ఖాళీ చూసి దాటాలి. సబ్బవరం దాటాక నగరం ట్రాఫిక్కే, సాయంత్రం నాలుగు లోపు పెందుర్తి దాటేలా పాడేరు నుంచి పొద్దున మంచు విడగానే బయల్దేరితే సరిపోతుంది.