అరవై దాటని ఆదివారం

16 నవంబర్ 2025. రాత్రి పదిన్నర.

పొద్దున ముఖం కూడా కడుక్కోకుండా కిందికి దిగి బండిని చూసొచ్చాను. కొని నెలన్నర అయింది, ఇంకా ఇదే వరస. "అది యాడికి పోలే, నిన్న పెట్టిన కాడనే ఉన్నది" అని మా ఆవిడ పైనుంచి అంది. పోలేదు కానీ, కవరు ఒక పక్క జారి ఉంది. వీధి పిల్లి రాత్రంతా సీటు మీద పడుకున్నట్టుంది. ట్యాంకు మీది మంచులో దాని అడుగులు వరసగా హాండిల్ దాకా ఉన్నాయి. తుడవబుద్ధి కాలేదు. ఫొటో తీసుకుని తర్వాత తుడిచాను.

దసరాకు కొన్నాను, 160 సీసీ, నలుపు. సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా, అందరూ "మంచిగ ఆగినవ్ రా" అని మెచ్చుకున్నారు. ఆగింది తెలివితో కాదు, డౌన్‌పేమెంటు జమ కాక. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పదేళ్ళు మా ఆవిడ స్కూటీ మీద ఆఫీసుకు పోయినవాణ్ణి. గేర్ల బండి ఎక్కి ములుగు రోడ్డు మీద చెవుల్లో గాలి హోరుమనేట్టు పోవాలని ఎప్పటినుంచో కోరిక. తీరా కొన్నాక తెలిసిందేమంటే, మొదటి వెయ్యి కిలోమీటర్లు ఇంజన్ 5000 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 5000 చుట్లు, దాటకూడదట. టాప్ గేరులో అంటే అరవైకి కాస్త ఇవతలే. మా హన్మకొండ వడ్డేపల్లి చెరువు కట్ట మీద పాల క్యాన్ల టీవీఎస్ కూడా నన్ను దాటిపోతోంది. దాటుతూ వెనక్కి తిరిగి బండిని ఓసారి, నన్ను ఓసారి చూస్తారు. ఆ చూపు నాకు అలవాటైపోయింది.

మాన్యువల్‌లో ఏముందో నేను చదివాను. బాపు, అంటే మా నాన్న, చదవలేదు, ఆయనకు అక్కర్లేదు. కాజీపేట డీజిల్ లోకో షెడ్‌లో ఫిట్టరుగా రిటైరైన మనిషి. "పదహారు సిలిండర్లు, 2600 హార్స్‌పవర్ ఇంజన్. రింగులు మార్చినంక దానికే ఒక్కసారి ఎనిమిదో నాచ్, అంటే ఫుల్ పవర్, ఇయ్యరు. నీదెంత, గిలాసంత సిలిండరు" అన్నాడు డెలివరీ రోజునే. సిలిండరు లోపలి గోడ మీద సన్నటి అడ్డగీతలుంటాయట. పిస్టన్ రింగులు వాటికి రాసుకుని రాసుకుని కూర్చోవాలి. సరిగ్గా కూర్చోకపోతే కంప్రెషన్ లీకవుతుంది, ఆయిల్ తాగుతుంది. అలాగని టాప్ గేరులో ముప్పైతో లాగించడం కూడా తప్పేనట. ఒకే స్పీడులో గంటసేపు పోవడమూ మంచిది కాదట. ఎక్కుతూ దిగుతూ ఉండాలి. "మెల్లగ నడపుమంటే ఏడిపియ్యమని కాదు" అన్నాడు. నెలన్నరగా నా నడక ఇంజన్ చెప్పినట్టో, బాపు చెప్పినట్టో!

వెయ్యికి ఇంకా రెండొందలు తక్కువ. మొదటి సర్వీసుకు ఇచ్చేలోపు ఆ లెక్క కాస్త తగ్గిద్దామని ఏడింటికి బయల్దేరాను, ములుగు దగ్గరి గట్టమ్మ గుడి దాకా పోయి రావాలని. పోను రాను ఓ వంద. ముందుగా టైర్లలో గాలి. ఇక్కడో చిన్న యుద్ధం. నా బండి చైన్ కవరు మీద స్టిక్కరుంది, ముందు 25, వెనక 28 అని. గాలి కొట్టే పిల్లవాడు ఏ బండి వచ్చినా నలభై కొడతాడు. "గట్టిగుంటే మైలేజీ వస్తదన్నా" అంటాడు. గట్టిగా ఉంటే బ్రేకు వేసినప్పుడు టైరు రోడ్డును పట్టుకోదు తమ్మీ అని పోయినసారి చెప్పాను. ఈసారి చెప్పలేదు, మీటరు పక్కన నిలబడి చూశాను. కొత్త బండికి ఇంకో బాధ ఏమిటంటే ఆగిన చోటల్లా రెండే ప్రశ్నలు: "ఎంత పడ్డది?", "ఎంత ఇస్తది?" మొదటిదానికి జవాబు చెప్తే "మా బామ్మర్ది ఇంకా తక్కువకే తెచ్చిండు" అంటారు. రెండోదానికి నాకింకా జవాబు తెలియదు.

ఆరెపల్లి దాటేదాకా ట్రాఫిక్. గూడెప్పాడ్ తర్వాత రోడ్డు చేతికొచ్చింది. కార్తీకం చివరి ఆదివారం కాబట్టి వనభోజనాల ఆటోలు, ట్రాలీల్లో గంజులు, చాపలు. కటాక్షపూర్ చెరువు కళకళలాడుతోంది. ఈ చెరువు మత్తడి దుంకితే జాతీయ రహదారే మునుగుతుంది, అందరికీ తెలిసిందే. అక్టోబర్ 29న మొంథా తుపాను వాన కురిసిన రాత్రి గుర్తొచ్చింది. మా వీధిలో నీళ్ళు మోకాళ్ళ దాకా రాగానే పక్కింటి ఇద్దరన్నలు, నేను, ఓ తలుపు చెక్క వేసి బండిని వరండాలోకి ఎక్కించాం. ఫ్రిజ్ గురించి ఆలోచించలేదని ఇంట్లో ఇప్పటికీ అంటారు.

రోడ్డు పక్కన దారి పొడుగునా వడ్ల కుప్పలు. నల్ల టార్పాలిన్లు కప్పి, చుట్టూ రాళ్ళు పెట్టారు. ఆరబోస్తే సగం రోడ్డే మాకు మిగులుతుందని తెలుసు, కానీ అప్పటికి ఇంకా కుప్పలే కాబట్టి ఇబ్బంది లేదు.

గట్టమ్మ దగ్గర కొబ్బరికాయ కొట్టాను. మేడారం పోయేవాళ్ళు ముందు ఇక్కడ ఆగి మొక్కి పోతారు. జనవరి చివర్లో జాతర, అప్పుడు ఇక్కడ కాలు పెట్టే సందు ఉండదు. బండికి బొట్టు పెట్టిన ఆయన హెడ్‌లైటు మీద కూడా పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాను. ఆయన నవ్వి మడ్‌గార్డు మీద పెట్టాడు. టీ తాగి తిరిగాను.

వచ్చేసరికి పది దాటింది, ఎండ పడింది. టార్పాలిన్లు లేచిపోయాయి. కుప్పలు పరుపుల్లా పరుచుకున్నాయి. మల్లంపల్లి దగ్గరికొస్తున్నాను, నలభైలో ఉన్నాను. ఎదురుగా ఏటూరునాగారం బస్సు, దాన్ని దాటుతూ నా వైపుకు వచ్చేసిన కారు. ఎడమకు తప్పుకోక తప్పలేదు, తప్పుకుంటే వడ్లు. ముందు బ్రేకు నొక్కితే లివరు వేళ్ళ కింద గడగడమని కొట్టుకుంది. 125 సీసీ దాటిన బండ్లకు 2019 నుంచి ఏబీఎస్, అంటే బ్రేకు గట్టిగా వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది, తప్పనిసరి. షోరూంలో చెప్పినప్పుడు అదో స్టిక్కరు అనుకున్నాను. నా బండికి అది ముందు చక్రానికే. వెనక చక్రం మాత్రం నా కింది నుంచి జానెడు పక్కకు జారింది. కాలు దించాను. బూటు కింద కూడా గింజలే, అదీ జారింది. ఎలా నిలబడ్డానో చెప్పలేను. నిలబడ్డాను, అంతే. గుండె చప్పుడు హెల్మెట్లో వినిపించింది.

వడ్లు తిరగేస్తున్న పెద్దమ్మ చేతిలో పార పట్టుకుని ఉరికొచ్చింది. "పైలం బిడ్డా! జర మెల్లగ పోవద్దా?"

నెలన్నర నుంచి ఊరంతా "గంత మెల్లగనా?" అంటుంటే, చివరికి నాకే ఈ మాట! నవ్వొచ్చింది, చేతులు మాత్రం ఇంకా వణుకుతున్నాయి. కోపం కూడా వచ్చింది. ప్రతి కోతల కాలంలో రాత్రిపూట ఈ రాళ్ళు తగిలి పడ్డవాళ్ళ వార్త చదువుతూనే ఉంటాం. అదే అనబోయాను. ఆమె అప్పటికే నా టైరు గీసిన బాటను చీపురుతో సర్దుతోంది. కుప్ప మీదే వాన పడ్డదట, అడుగున మొలకలొచ్చాయట. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. మొన్న మిషన్ పెడితే 21 వచ్చిందట. "కల్లం ఏడున్నది బిడ్డా, ఏడ ఆరబొయ్యాలె?" అంది. నా దగ్గర జవాబు లేదు. నీళ్ళిచ్చింది, తాగాను. అక్కడి నుంచి హన్మకొండ దాకా అరవై కాదు, యాభై కూడా దాటలేదు.

ఇంట్లో చెప్పొద్దనుకున్నాను. చెప్తే మా ఆవిడ తాళం చెవి దాచేస్తుంది.

గేటు దగ్గర బాపు లుంగీ ఎగ్గట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. చైన్ వేడి మీదున్నప్పుడే తుడవాలని ఆయన పట్టు, ఆయిల్ లింకుల్లోకి దిగుతుందని. మెయిన్ స్టాండు లేదు, సైడు స్టాండే. కాబట్టి ఇది ఇద్దరి పని. నేను నేల మీద కూర్చుని బ్రష్‌తో రుద్దుతాను, ఆయన బండిని జానెడు ముందుకు తోస్తాడు. మళ్ళీ రుద్దుతాను, మళ్ళీ తోస్తాడు. ఇంజన్ స్టార్టు చేసి గేరులో పెట్టి తుడిస్తే నిమిషంలో అయిపోతుంది, వేళ్ళు కూడా. మొదట్లో పెట్రోల్‌తో కడుగుదామన్నాడు, తన రాజ్‌దూత్‌కు అలాగే చేసేవాడట. ఈ చైన్ లింకుల్లో రబ్బరు రింగులున్నాయి, పెట్రోల్ తగిలితే పాడవుతాయని చెప్తే ఒప్పుకోలేదు. భూతద్దం తెచ్చుకుని చూసి, అప్పుడు ఒప్పుకున్నాడు. ఇప్పుడు గుడ్డకు కొంచెం కిరోసిన్ అద్ది తుడుస్తాం. లూజు ఎంతుందో నేను స్కేలు పెట్టి చూస్తాను, ఆయన బొటనవేలి కణుపుతో. రెండూ ఇంతవరకు తేడా రాలేదు, నాకదే మంట.

ఇవాళ మూడోసారి తోశాక ఆగాడు. వంగి, వెనక పళ్ళచక్రం పక్కన ఆయిల్ మడ్డిలోంచి ఏదో గోటితో తీశాడు. లుంగీ అంచుకు తుడిచి వెలుతురులో పెట్టి చూశాడు.

"వడ్ల మీదికెక్కించినవా?"

నేను బ్రష్ వైపు చూస్తూ కూర్చున్నాను.

గింజను రెండు వేళ్ళతో నలిపి పొట్టు ఊదాడు. లోపలి బియ్యపు గింజను ముందరి పళ్ళ మధ్య పెట్టి కొరికాడు. కాసేపు నమిలాడు.

"పచ్చిగనే ఉన్నయ్" అన్నాడు. "ఇంకో రెండు ఎండలు కావాలె."

అని బండిని జానెడు ముందుకు తోశాడు.