తాళి లేని టేపు

పొద్దున షాపు షట్టర్ సగం ఎత్తానో లేదో చంద్రగిరి అక్క వచ్చి నిలబడుండాది, చేతిలో బట్టల షాపు కవరు, దాంట్లో రెండు మినీ డీవీ టేపులు, అంటే చిన్న వీడియో క్యాసెట్లు. 2009లో నేనే వీడియో తీసిన పెళ్ళి. వచ్చే వారం వాళ్ళ పాపకి ఓణీల ఫంక్షన్ అంట, హాల్లో ఎల్ఈడీ వాల్ మీద అమ్మానాన్నల పెళ్ళి వేయాలంట. "డీవీడీ గీతలు పడి ఆడడంలేదన్నా, టేపులు మాత్రం బీరువాలో పట్టుచీరల మధ్య భద్రంగా పెట్టుండా" అనింది. సరే అక్కా, సాయంత్రం ఫోన్ చేస్తాలే అన్నా గానీ కవరు చూడంగానే నా కడుపులో ఏదో తిప్పింది. ఎందుకో తర్వాత చెప్తా.

టేపు ఆడించాలంటే పాత కెమెరా కావాల, దాంట్లోంచి వీడియో పంపే ఫైర్‌వైర్ అనే వైరు దూర్చడానికి పాత కంప్యూటర్ కావాల, ఇప్పటి వాటికి ఆ పోర్టే లేదు కదా. రెండూ అటక మీదనుంచి దించి దుమ్ము తుడిచి, టేపు చదివే హెడ్డుని తుడిచే క్లీనింగ్ క్యాసెట్ పది సెకన్లు తిప్పి, అప్పుడు టేపు పెట్టి ప్లే నొక్కినా. ఇంక గంట కూర్చోవడమే. గంట టేపు కంప్యూటర్లోకి ఎక్కాలంటే గంట పడుతుంది, తొందరపెట్టే దారే లేదు. పక్క టేబుల్ మీద మా అల్లుడు నిన్న తిరుచానూరు మండపంలో మూడు గంటలసేపు తీసిన ముహూర్తం మెమరీ కార్డు కంప్యూటర్లో పెట్టినాడు, దాదాపు 70 జీబీ, వాడు కిందికి పోయి టీ తాగి నాకు ఒక బోండా తెచ్చేలోపు కాపీ అయిపోయింది. నాది అప్పటికి గౌరీపూజ దాటలేదు.

నలభయ్యో నిమిషంలో కరెంటు పోయింది. నలభై నిమిషాలు గంగలో కలిసినాయి, మళ్ళీ మొదట్నుంచి. ఈ కాలం పిల్లోళ్ళకి ఇది చెప్తే నవ్వుతారు.

టేపు మీద అక్కడక్కడా బొమ్మ ఆగి చదరాలు చదరాలుగా పగిలిపోతా ఉంది. అది హెచ్‌డీవీ, అంటే అదే చిన్న టేపు మీద సెకనుకి 25 మెగాబిట్లలో హెచ్‌డీ ఇరికించిన పద్ధతి, ఒక ఫ్రేము పూర్తిగా రాసి మిగతావి దానికి తేడాలు మాత్రమే రాసుకుంటుంది. కాబట్టి టేపు మీద ఆవగింజంత మరక పడినా ఒక ఫ్రేముతో పోదు, దాదాపు అర సెకను బొమ్మ మొత్తం పోతుంది. టేపు కెమెరాలో హెడ్డు ఉండే డ్రమ్ము తిరగతా టేపుకి రాసుకుంటుంది; కార్డుకి తిరిగే డ్రమ్ము లేదు, హెడ్డు లేదు, అరిగేది లేదు.

డ్రమ్ము అంటే గుర్తొచ్చింది. ఒకసారి లాడ్జిలో ఏసీ రూములో పెళ్ళికూతురి అలంకారం తీసి, అట్టే బయటికి పరిగెత్తి ఎదురుకోలు తీద్దామంటే కెమెరా మీద చెమ్మ గుర్తు వెలిగింది, అంతే, లాక్. చల్లటి డ్రమ్ము మీద బయటి గాలి తేమ పట్టిందంటే టేపు అతుక్కుంటుందని అదే ఆపేసుకుంటుంది. ముప్పావు గంట, బ్యాండు మేళం మోగతా ఉంటే నేను కెమెరాని ఒళ్ళో పెట్టుకుని హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని కూర్చున్నా. ఇప్పుడు కార్డు కెమెరాకి లెన్స్ మీద ఆవిరి పడుతుంది, తుడుచుకుని పోతాం, అంతే.

కార్డులు మొదట్నుంచే ఇట్ట లేవు లెండి. 2006లో మద్రాసులో ఒక అన్న దగ్గర పానసోనిక్ హెచ్‌వీఎక్స్ 200 చూసినా, పీ2 అనే మెమరీ కార్డు మీద రాసేది. నిమిషానికి ఒక జీబీ తింటుంది, 8 జీబీ కార్డులో ఎనిమిది నిమిషాలే. జీలకర్ర బెల్లానికి కూడా చాలదు కదన్నా అని నవ్వినా. తర్వాత 2007లో సోనీ ఈఎక్స్1 వచ్చింది, 16 జీబీలో 50 నిమిషాల దాకా పట్టేది, అదీ అడ్డంగా 1920 చుక్కల పూర్తి హెచ్‌డీ, మన హెచ్‌డీవీలా 1440 చుక్కలే తీసి సాగదీసేది కాదు. అప్పుడు నా నవ్వు పోయింది. కానీ కార్డు రేటు విని మళ్ళీ రెండేళ్ళు టేపే పట్టుకున్నా. ఆ రెండేళ్ళలోనే ఈ అక్క పెళ్ళి.

యాభై తొమ్మిదో నిమిషం. పంతులు మాంగల్యం పళ్ళెం అందరిచేతా ముట్టించుకుని తెస్తా ఉండాడు. టేపులో నా గొంతే, "రేయ్, టేపు అయిపోతా ఉండాది, కొత్తది తీయిరా" అని. అసిస్టెంట్ పిల్లోడి "యాడుందన్నా?" కూడా రికార్డ్ అయింది. పెళ్ళికొడుకు లేచి నిలబడినాడు, తాళి చేతిలోకి తీసుకున్నాడు, నీలం తెర. రెండో టేపు పెట్టి చూస్తే మొదటి బొమ్మే తలమీద అక్షింతలు పడతా ఉండేది. తాళి కట్టింది లేదు. అప్పుడు మిక్సింగ్‌లో ఫోటోగ్రాఫర్ ఫోటో ఒకటి పెట్టి, చుట్టూ మల్లెపూలు రాలించి, మేళం సౌండ్ పెంచి కప్పేసినా. ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడైతే కెమెరాలో రెండు కార్డు స్లాట్లు, ఒకటి నిండితే రెండోదానికి తనంతట తనే పోతుంది, మధ్యలో ఒక్క ఫ్రేము పోదు. నేను చెయ్యి ఆలస్యం చేసినా, ప్రీ రికార్డ్ పెట్టుకుంటే బటన్ నొక్కకముందు కొన్ని సెకన్లు కూడా వస్తాయి. అవన్నీ ఆరోజు ఎవరిచ్చుంటారు నాకు.

సాయంత్రం ఫోన్ చేసి నసుగుతా చెప్పినా. అక్క పెద్దగా నవ్వింది. "అది మాకు ఎప్పుడో తెలుసన్నా, మా ఆయన కోపం వచ్చినప్పుడల్లా నేను తాళే కట్టలేదు, కావాలంటే వీడియో చూసుకో అంటాడు" అనింది. ఆ మల్లెపూలు మాత్రం అట్టే పెట్టమనింది.

ఫోన్ పెట్టేలోపు అల్లుడు అడిగినాడు, "మామా, తిరుచానూరు కార్డు ఫార్మాట్ కొట్టేదా?" ఒక హార్డ్ డిస్కులోనే ఉంది అది. రెండో దాంట్లోకి కూడా ఎక్కించి, ఫైళ్ళు తెరిచి చూసి, తర్వాత కొట్టురా అన్నా. పట్టుచీరల మధ్య పెట్టుకోడానికి నిన్నటి పెళ్ళోళ్ళకి టేపు లేదు కదా.

రెండో టేపు ఇంకా ఎక్కించాల. అదొక గంట.